అయిదో పూస

పదహారేళ్ళ వయసులో, ప్రొద్దుటూరు కాలేజీ గ్రౌండులో నాకంటే బాగా ఎవరూ చేయలేని పని ఒకటుండేది. ఫుట్‌బాల్‌లో బంతి పక్క గీత దాటి బయటికి పోతే దాన్ని రెండు చేతులతో తల వెనక నుంచి తెచ్చి లోపలికి విసరాలి. దాన్ని త్రో అంటారు. మిగతా పిల్లలు విసిరితే అది దగ్గరున్న మనిషి కాళ్ళ దగ్గర పడేది. నేను విసిరితే గోల్ ముందరికి పోయి పడేది. కాస్త దూరం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, గీత దగ్గర ఆగి, నడుమును వెనక్కి విల్లులా వంచి వదిలేవాణ్ణి. మా పీడీ సార్ దాన్ని సగం గోల్ అనేవారు.

మాది జమ్మలమడుగుకూ పులివెందులకూ మధ్య ఒక చిన్న ఊరు. గొర్రెలు మేపుకునే కుటుంబం. మా ఇంట్లో ఫుట్‌బాల్ ఆట చూసినవాళ్ళు ఎవరూ లేరు. నేను ఇంటర్మీడియట్ చదవడానికి ప్రొద్దుటూరు హాస్టల్లో చేరి, అక్కడ ఆటలో పడ్డాను. ఒకసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు నా త్రో గురించి గొప్పగా చెప్పుకుంటే మా నాయన ఆశ్చర్యపోయాడు.

"కాల్తో తన్నే ఆట అంటివి. దాంట్లో చేత్తో ఇసిరేదానికి పేరొచ్చిందా నీకు?" అన్నాడు.

కాలేజీలో నాకు పెద్దగా స్నేహితులు లేరు. ఉన్న ఒక్కడూ మా జట్టు గోల్‌కీపరు. గోలీ అనేవాళ్ళం. అతను ప్రొద్దుటూరు ముస్లిం కుటుంబం పిల్లవాడు. వాళ్ళ నాన్న కువైట్‌లో టైలరు. ఆదివారాలు నన్ను ఇంటికి తీసుకుపోయేవాడు. వాళ్ళమ్మ ఇద్దరికీ ఒకే పళ్ళెంలో అన్నం పెట్టేది. ప్రాక్టీసు అయిపోయాక కూడా అతను గోల్ దగ్గర నిలబడేవాడు, నేను గీత మీది నుంచి విసురుతూ ఉండేవాణ్ణి. చీకటి పడి బంతి కనిపించకుండా పోయేవరకూ.

ఆ వానాకాలంలోనే నడుము నొప్పి మొదలయింది. కింద, సరిగ్గా నిక్కరు బొందు కట్టుకునే చోట, ఒక పక్క. అది వింత నొప్పి. ముందుకు వంగి బూట్లు కట్టుకుంటే ఉండేది కాదు. బకెట్టు ఎత్తినా ఉండేది కాదు. త్రో కోసం వెనక్కి వాలగానే లోపల ఎవరో గోరుతో గుచ్చినట్టయ్యేది. వదిలేశాక తగ్గిపోయేది. ఆటగాడికి నొప్పి లేకుండా ఉంటుందా అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం గ్రౌండు పక్కన ఒక తెల్ల జీపు వచ్చి ఆగింది. ఎలక్షన్లు దగ్గర పడుతున్నాయి. పార్టీ జెండాలు కట్టిన జీపులు ఊర్లో తిరగడం మామూలే కాబట్టి మొదట ఎవరూ పట్టించుకోలేదు. దాంట్లో నుంచి ఒక మనిషి దిగి వచ్చి గీత పక్కన నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, పల్చటి మీసం, కళ్ళ కింద నిద్ర లేని నలుపు. చాలాసేపు నా త్రోలు చూసి, బంతి బయటికి దొర్లినప్పుడు తనే తీసి ఇచ్చాడు.

"యా ఊరు అల్లుడా మీది?" అన్నాడు.

చెప్పాను.

"ఓహో, మందలోళ్ళ పిల్లోనివా! శానా దూరం ఇసుర్తాండావే. మంచి చెయ్యి." బంతిని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. "ఇది తేలిక. దీనికంటే రోంత బరువుండేది ఇంతే దూరం ఇసుర్తావా?"

జీపులో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను, మెచ్చుకున్నాడు కదా అని. జీపు పోయాక గోలీ నా దగ్గరికి వచ్చాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

"నీకర్థం కాల్యా? వాళ్ళు ఇసిరేది బంతులు కాదప్పా."

అప్పుడు అర్థమైంది. మా వైపు ఫ్యాక్షన్ గొడవల్లో కత్తుల కంటే ముందు నాటు బాంబులు పడేవి. వాటిని దూరం నుంచి, గురి తప్పకుండా విసిరే చేతులకు రెండు పక్షాల్లోనూ గిరాకీ ఉండేది. ఆ మనిషి మా ప్రాంతంలో ఒక నాయకుడికి కుడి భుజం. నాయకుణ్ణి అందరూ 'అన్న' అనేవాళ్ళు.

మా జట్టులో ఆ పక్షం ఊర్ల పిల్లలూ, అవతలి పక్షం ఊర్ల పిల్లలూ కలిసే ఆడేవాళ్ళం. గ్రౌండులో ఆ సంగతి ఎత్తకూడదని మాలో మాకే ఒక ఒప్పందం ఉండేది. ఆ సాయంత్రంతో నా వరకు అది పోయింది. అవతలి ఊర్ల పిల్లలు నాతో తగాదా ఏమీ పెట్టుకోలేదు. మాట తగ్గించారు, అంతే. మెస్‌లో నేను కూర్చుంటే పక్కవాడు తొందరగా తిని లేచిపోయేవాడు.

నొప్పి మాత్రం పెరిగింది. క్లాసులో ఒక గంట కూర్చుంటే లేవడం కష్టమయ్యేది. పీడీ సార్ నన్ను ఒక డాక్టరు దగ్గరికి పంపారు. ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూసి, "ఎముకలన్నీ బాగున్నాయి. కండరం పట్టింది" అని మాత్రలు రాశారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ ఫిల్ములో నాకు కూడా తెల్లటి పూసలు ఒకదాని మీద ఒకటి బుద్ధిగా కూర్చున్నట్టే కనిపించాయి. కానీ నా నొప్పికి సాక్ష్యం లేకుండా పోయింది.

"ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే ఏమీ లేనట్టే గదరా," అన్నారు పీడీ సార్. ఆయన చెడ్డవారు కాదు. గొంతు తగ్గించి, "ఆ జీపోళ్ళు వచ్చినప్పట్నుంచి నీకు త్రో అంటే భయం పట్టుకుంది. ఆ భయమే నడుములో దూరింది," అన్నారు.

అది నిజమేమో అని నేను కూడా అనుకున్నాను. సెలవులకు ఇంటికి పోతే మా అమ్మ ఆముదం కాచి రుద్దింది. జమ్మలమడుగు దగ్గర కట్లు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకుపోతే ఆయన పసరు వేసి బిగించి కట్టాడు. కట్టు ఉన్నన్నాళ్ళు వంగలేక, వాలలేక, నొప్పి తగ్గినట్టుండేది. కట్టు విప్పి గ్రౌండులోకి పోగానే మళ్ళీ వచ్చేది.

చలికాలంలో పులివెందులలో ఒక బడి గ్రౌండులో కాలేజీల మధ్య పోటీలు జరిగాయి. నేను మాత్ర మింగి దిగాను. మొదటి సగంలో నా త్రో మీదే ఒక గోల్ పడింది. రెండో సగంలో మళ్ళీ బంతి బయటికి పోయింది. పరిగెత్తుకొచ్చి, వెనక్కి వాలి, వదిలాను. బంతి ఎక్కడ పడిందో చూడలేదు. నడుములో నుంచి కుడి పిర్రలోకి నిప్పు పాకినట్టయి, గీత మీదే బోర్లా పడ్డాను. ఇద్దరు పిల్లలు నన్ను పక్కకు జరిపారు. ఆట మళ్ళీ మొదలయింది. గడ్డి లేని ఆ నేల మీద చెంప ఆనించి పడుకుని, నా జట్టు కాళ్ళు అటూ ఇటూ పరిగెత్తడం చూస్తూ ఉండిపోయాను. అంత దగ్గరగా ఉండి కూడా ఎవరూ నా వైపు చూడలేదు. చూడడానికి వాళ్ళకు తీరిక లేదు, పాపం. గెలవాలి కదా.

ఆట ముగియకముందే బజారులో నుంచి షట్టర్లు వరుసగా పడుతున్న చప్పుడు వచ్చింది. మా వైపు పిల్లలకు ఆ చప్పుడుకు అర్థం చెప్పనక్కర్లేదు. వేంపల్లె దారిలో ఎవరినో చంపారట. బస్సులు ఆగిపోయాయి. ఆట ఆపేశారు. పీడీ సార్ పరిగెత్తిపోయి, ప్రొద్దుటూరు పోతున్న ఒక చీనీ బత్తాయి కాయల లారీని బతిమాలి నిలిపారు. పిల్లలందరూ కాయల మీదికి ఎక్కారు. నన్ను ఎక్కించబోతే, కాలు ఎత్తగానే నేను పెట్టిన కేకకు డ్రైవరు కూడా దిగి వచ్చాడు.

"నేను వీనితో ఉంటా సార్," అన్నాడు గోలీ.

"నీకేమన్నా అయితే మీ అమ్మకు ఏం చెప్పేది నేను? ఎక్కు," అన్నారు సార్. నా దగ్గర కూర్చుని, "పొద్దున్నే వస్తానప్పా. ఒక్కని కోసం ఇంతమందిని ఈడ పెట్టలేను," అని నన్ను ఆ బడి వాచ్‌మన్‌కు అప్పగించి లారీ ఎక్కారు.

వాచ్‌మన్ నన్ను వరండాలో పడుకోబెట్టి మంచినీళ్ళిచ్చి, తన ఇంట్లోవాళ్ళను చూసొస్తానని పోయాడు. ఊరంతా తలుపులు మూసుకుంది. పొద్దు వాలుతుండగా రోడ్డు మీద ఒక్కటే బండి చప్పుడు వినిపించింది. అది ఆ తెల్ల జీపు. నేను పడిన సంగతి వాళ్ళకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మనిషి వరండా ఎక్కి, నన్ను చూసి అయ్యో అన్నట్టు నోరు చప్పరించాడు.

"వొదిలేసి పోయినారా నిన్ను? చెప్పు అల్లుడా, ఇంటికా, ఆస్పత్రికా?"

"ఇంటికి," అన్నాను.

గొర్రెపిల్లను ఎత్తినట్టు రెండు చేతుల మీద ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాడు. నా తల పక్కన కింద ఒక ప్లాస్టిక్ బకెట్టు ఉంది. దాని నిండా రంపపు పొట్టు. నాటు బాంబులు కుదుపుకు పేలకుండా అలా పొట్టులో పెడతారని విని ఉన్నాను. పైన గోనెపట్టా కప్పి ఉంది. ఒక కుర్రవాడు దాన్ని మోకాళ్ళ మధ్య గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"గుంతలు చూసి నిదానంగా పోనీ," అన్నాడు ఆ మనిషి డ్రైవరుతో. "పిల్లోని నడుము బాగల్యా."

అంత మెల్లగా, అంత జాగ్రత్తగా నన్ను అంతకుముందు ఏ బండీ తీసుకుపోలేదు. దారి పొడుగునా నేను ఆ బకెట్టు వైపు చూడకుండా జీపు పైకప్పునే చూస్తూ పోయాను.

మా ఊర్లో జీపు మా గడప ముందు ఆగడం అందరూ చూశారు. వాళ్ళు నన్ను దించి, మా అమ్మకు నమస్కారం పెట్టి పోయాక, ఆమె తలుపు మూసింది.

"ఆ జీపెక్కినావా?"

"నడవలేకపోయినా మా."

"నడవలేకుంటే పాక్కుంటా రావాల," అంది. అని, పొయ్యి దగ్గరికి పోయి ఇసుక వేడి చేసి మూట కట్టి తెచ్చి, రాత్రి నిద్రపట్టేదాకా నా నడుముకు కాపడం పెట్టింది.

ఆమె భయం ఎందుకో నాకు వారం తిరక్కుండానే తెలిసింది. మా ఊరు సగం ఒక పార్టీ, సగం ఇంకొక పార్టీ. గొర్రెలవాళ్ళం మేము ఎవరికీ చెందం. చెందితే బతకలేం. కోతలయ్యాక రెండు పక్షాల చేలల్లోనూ మంద మేయాలి కదా. నేను జీపులో దిగిన మర్నాటి నుంచి అవతలి పక్షం రైతులు మా నాయనను చేలల్లోకి రానివ్వలేదు. గొడవ పడలేదు. "ఇంగో పక్క మేపుకోప్పా," అన్నారు. నాయన మందను తోలుకుని మైలవరం రిజర్వాయరు ఒడ్డుకు, అక్కడి నుంచి కొండల కిందికి పోయాడు. ఇంటికి రావడం ఎప్పుడో ఒకసారి అయింది. ఇంట్లో అమ్మా, మంచం మీద నేనూ మిగిలాము. నన్ను చూడడానికి ఊర్లో వాళ్ళు రాలేదు. జీపు పక్షం వాళ్ళు వస్తే మేము వాళ్ళ మనుషులమైపోయామని, అవతలి పక్షం వాళ్ళు రాకపోతే మేము పరాయివాళ్ళమైపోయామని లెక్క. అందుకని అమ్మ ఎవరినీ పిలవలేదు.

వచ్చినవాడు ఆ జీపు మనిషి ఒక్కడే. ఒకసారి అరటిగెల తెచ్చాడు, ఇంకోసారి చీనీకాయలు. నా మంచం పక్కన గచ్చు మీదే కూర్చునేవాడు.

"కర్నూల్లో స్కానింగు తీపిస్తాం అక్కా," అన్నాడు అమ్మతో. "అన్న చెప్పినాడు. దుడ్ల గురించి మీరేం అనుకోబాకండి. బాగయినంక పిల్లోడు మా తాననే ఉంటాడు. చదువుకున్నోడు, రాత పనులుంటాయి."

"వాళ్ళ నాయనను అడిగి చెప్తాంలేప్పా," అనేది అమ్మ ప్రతిసారీ.

ఆయన మాటలకు నేను భయపడాలి. భయపడ్డాను కూడా. కానీ ఆయన నాతో ఆట గురించి మాట్లాడేవాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని అడిగి, నేను గచ్చు మీద చింతగింజలు పేర్చి చూపిస్తే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాడు. "అంటే ముందరే పొయ్యి కాసుకోని ఉండకూడదంటావు. మా ఆటలో అదే గెలుపు," అని నవ్వేవాడు. రోజంతా గోడ చూస్తూ పడుకునేవాణ్ణి నేను. కొన్నాళ్ళకు జీపు చప్పుడు కోసం చెవులు రిక్కించడం మొదలుపెట్టాను. అమ్మ అది గమనించింది.

ఒక తెల్లవారుజామున నన్ను లేపి, "లెయ్, తిరుపతికి పోతాండాం," అంది. నాయన పొట్టేళ్ళు అమ్మి డబ్బు పంపాడని ఆమె రైలు ఎక్కాక చెప్పింది. ముద్దనూరులో ఎక్కి, సీటు మీద ఆమె ఒడిలో తల పెట్టుకుని పోయాను.

తిరుపతిలో మమ్మల్ని చూసిన డాక్టరు యువకుడు, కోస్తా వైపు మనిషి. నా పాత ఎక్స్‌రేను పక్కన పెట్టి, ముందు నన్ను చూశాడు.

"ఒంటికాలి మీద నిలబడి మెల్లగా వెనక్కి వాలు, నాన్నా."

వాలాను. కుడికాలి మీద నిలబడ్డప్పుడు బల్ల అంచు పట్టుకున్నాను.

"ముందుకు వంగితే ఇంత ఉండదు, అవునా? ఏం ఆడతావు నువ్వు?"

నొప్పి మొదలైన ఇన్ని నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. త్రో గురించి చెప్తూ చెప్తూ నాకు ఏడుపొచ్చింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

రెండు రకాల స్కానింగులు రాశారు. ఒకటి తొందరగా అయిపోయింది. రెండోది పెద్ద గొట్టం. దాంట్లో కదలకుండా పడుకోవాలి. ఒంటి మీది మొలతాడు తీయించి లోపలికి తోశారు. ముక్కుకు అంగుళం దూరంలో తెల్లటి కప్పు. ఉన్నట్టుండి రేకుల మీద సుత్తితో బాదినట్టు చప్పుడు మొదలయింది. ఆగేది, మళ్ళీ వేరే తాళంలో బాదేది. నేను కళ్ళు మూసుకుని మా గ్రౌండును తలుచుకోబోయాను. గోల్ దగ్గర గోలీని నిలబెట్టుకోగలిగాను గానీ, మిగతావాళ్ళ మొహాలు గుర్తు రాలేదు. మనిషికి ఇంత ఒంటరితనం ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. ఊర్లో మంచం మీద ఉన్నదంతా దీనికి అభ్యాసమే అనిపించింది.

డాక్టరు ఫిల్మును వెలుతురు పెట్టె మీద పెట్టి అమ్మను దగ్గరికి పిలిచాడు. నడుము పూసల్లో అన్నిటికంటే కిందిది, అయిదోది. దాని వెనక భాగంలో రెండు వైపులా సన్నటి ఎముక వంతెనలు ఉంటాయి. కుడి వంతెనలో వెంట్రుకంత నల్ల గీత.

"ఇది ఒక్క దెబ్బతో విరిగింది కాదమ్మా. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే ఒకనాటికి చిట్లుతుంది చూడండి, అలాగ. ఎదిగే వయసులో నడుము వెనక్కి విరిచి ఆడే పిల్లల్లో వస్తుంది. ఫుట్‌బాల్, క్రికెట్ బౌలింగు. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో చాలాసార్లు దొరకదు."

"అతుక్కుంటాదా సార్?"

"రెండో స్కానింగులో ఎముకలో ఇంకా వాపు కనబడుతోంది. అంటే దెబ్బ కొత్తదే, అతుక్కునే అవకాశం ఉంది. కొన్ని నెలలు ఆట మానాలి. బెల్టు పెట్టుకోవాలి. ఆ తర్వాత పొట్ట కండరాలకూ, తొడలకూ వ్యాయామం." నా వైపు తిరిగాడు. "ఇంకో సంగతి, నాన్నా. ఫొటోలో కనబడేదంతా రోగం కాదు. ఏ నొప్పీ లేనివాళ్ళ ఫొటోల్లో కూడా గీతలూ అరుగుదలలూ ఉంటాయి. నీ నొప్పీ, నీ ఫొటో ఒకే చోటు చూపిస్తున్నాయి కాబట్టి నమ్ముతున్నాను."

నమ్ముతున్నాను అన్న మాట నాకు మందుకంటే ఎక్కువ పనిచేసింది.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు గోలీ వచ్చాడు. గడప అవతలే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా నాయన ఫోన్ చేసినాడు. మీ ఇంటి దిక్కు పోవద్దన్యాడు. జీపు సంగతి కువైట్ దాకా తెలిసిందప్పా." తల దించుకుని గడప చెక్కను కాలితో గీకుతూ నిలబడ్డాడు. "నన్ను గూడా ఆడికే రమ్మంటాండాడు. వీసా వచ్చింది. చెప్పి పోదామని వచ్చినా."

"చదువు?"

"ఆడ కుట్టు నేర్చుకుంటా."

బెల్టు బిగించుకుని వీధి మలుపు దాకా అతనితో నడిచాను. షేరు ఆటో వచ్చింది. చెయ్యి ఊపాడు. అతన్ని నేను మళ్ళీ చూడలేదు.

ఎలక్షన్లకు ముందు వారం ఆ జీపు మనిషి చివరిసారి వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. "అన్న అడుగుతాండాడు అక్కా. ఏదో ఒగటి చెప్పాల," అన్నాడు. అమ్మ లోపలికి పోయి ఫిల్ము తెచ్చింది. దాన్ని వాకిట్లో ఎండకు ఎత్తి పట్టుకుంది. ఆమెకు చదువు రాదు, కానీ డాక్టరు చూపించిన చోట వేలు సరిగ్గా పెట్టింది.

"చూడప్పా. వీని నడుమిరిగింది. ఇంగ వీడు జన్మలో ఏదీ దూరం ఇసరల్యాడు. మీ అన్నకు ఇదే చెప్పు. కావాలంటే తీసకపొయ్యి చూపీ."

అతుక్కుంటుందని డాక్టరు చెప్పిన మాట ఆమె చెప్పలేదు. ఆయన ఫిల్మును చాలాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన తన చెయ్యి వెనక్కి పెట్టి, సరిగ్గా అక్కడే, నడుము కింద నొక్కుకున్నాడు.

"నాకూ ఈడనే అక్కా. ఏండ్లు ఏండ్లు జీపులోనే కూచ్చోని నిద్రపొయ్యేది. మంచం మీద నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో." మళ్ళీ ఫిల్ము వైపు చూసి, "ఏ ఆస్పత్రి అది?" అని అడిగాడు.

అమ్మ చెప్పింది.

"ఎలక్షన్లు కానీ, పోతా," అని, నా తల మీద చెయ్యి వేసి, "పండుకో అల్లుడా," అని వెళ్ళిపోయాడు. అన్నకు ఏం చెప్పాడో గానీ, మళ్ళీ ఎవరూ మా ఇంటికి రాలేదు. మంచి జరిగిందని నాకు తెలుసు. అయినా ఆ తర్వాతి నెలలే అన్నిటికంటే పొడుగ్గా గడిచాయి. పొద్దున వ్యాయామం, బెల్టు, గోడ. ఎలక్షన్లు అయ్యేదాకా బయట మైకుల్లో రెండు పార్టీల పాటలు ఒకదాని మీద ఒకటి పడి పోయేవి.

ఎలక్షన్లు అయిన కొన్నాళ్ళకు జమ్మలమడుగు రోడ్డులో జీపు ఆపి ఆయనను చంపేశారు. అమ్మ ఆ వార్త విని, చేస్తున్న పని ఆపి, "పాపం, ఆస్పత్రికి పోనేల్యా," అంది. నేను లేచి పెరట్లోకి పోయాను. ఆ మనిషి కోసం ఏడిస్తే ఎవరికి ఏమని చెప్పాలి?

వేసవి చివర రెండోసారి స్కానింగుకు నేను ఒక్కణ్ణే పోయాను. అమ్మ నాయనకు తోడుగా మంద దగ్గరికి పోయింది. డాక్టరు పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టాడు. నల్ల గీత ఉన్న చోట తెల్లగా పూడుకుంది. మెల్లగా ఆట మొదలుపెట్టవచ్చు, ఆ పొడుగు త్రోలు మాత్రం వద్దన్నాడు. ఆస్పత్రి బయటికి వచ్చి టెలిఫోన్ బూత్ ముందు నిలబడ్డాను. మా ఇంటికి ఫోన్ లేదు. కువైట్ నంబరు నా దగ్గర లేదు. చేయడానికి ఏ నంబరూ లేదు. రైల్లో ఎదురు సీటులో మామిడికాయల గంపతో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. కోడూరు దాటాక ఉండబట్టలేక ఆమెతోనే చెప్పాను.

"అవ్వా, నా నడుము ఎముక ఇరిగింటే అతుక్కుందంట."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మంచిది నాయనా. ఇంత వయసుకే ఏం చేసి ఇరగ్గొట్టుకున్యావు?"

"బంతి ఇసిరి."

"బంతి ఇసిరా!" అని పక్కనున్నవాళ్ళకు కూడా చెప్పి నవ్వింది. నేను కూడా నవ్వాను. అలా నవ్వి చాలా కాలమయింది.

మళ్ళీ కాలేజీకి పోయాను. జట్టులో కొత్త గోలీ, కొత్త మొహాలు. పీడీ సార్ నా స్కానింగు కాగితం తీసుకుని నిలబడే చదివారు. "నేను నమ్మకపోతి గదరా," అన్నారు. నన్ను వెనక వరుసలో ఆడించారు. త్రోలు వేరేవాళ్ళు వేసేవాళ్ళు. బంతి దగ్గరలోనే పడేది. నా వైపు పాస్ వచ్చేది, ఆట కోసం. ఆట అయ్యాక మాటలు రాలేదు.

ఆ ఏడు కడపలో పోటీకి పోయి ఓడిపోయాము. తిరుగు బస్సులో సీట్లు నిండిపోయాయి. చివర ఎక్కినవాడు అవతలి పక్షం ఊరి పిల్లవాడు. ఏడాదిగా నాతో మాట్లాడని వాళ్ళలో ఒకడు. ఖాళీ నా పక్కనే ఉంది. కొంచెంసేపు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు. బస్సు ఊరు దాటగానే నిద్ర పట్టి అతని తల నా భుజం మీదికి ఒరిగింది. బరువుగా, చెమట వాసనతో. నిటారుగా కూర్చుంటే నా నడుము లాగుతోంది. కదిలితే లేస్తాడని కదలలేదు. ఎర్రగుంట్ల వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.

మెలకువ వచ్చి మూతి తుడుచుకున్నాడు. నా భుజం వైపు చూసి, "నిద్రపొయ్యినానా?" అన్నాడు.

"ఊఁ," అన్నాను.

కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సీటు మారలేదు.